నేను పీకేసిన 'మాత్రం'

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. మా పేపరు డెస్క్‌లో కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ, ఆఫీసు కింద బడ్డీ కొట్టు దగ్గర టీ తాగుతూ, నవ్వించడానికి చెప్పాను. జిన్నింగ్ మిల్లు ఫిట్టరు ఒకాయన రాడార్‌కు దొరకని రంగు కనిపెట్టాననుకున్నాడనీ, మేం దాన్ని అరపేజీ వేశామనీ, ఆయన రంగు పూసిన రేకు చంకన పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కాడనీ చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క దాచాను. ఆ రంగు సంగతి ఉత్తదేనని వార్త రాయకముందే నాకు తెలుసు. ఎవరో చెబితే తెలియడం కాదు, నా కళ్ళతో చూశాను. చూసి వచ్చి, కూర్చుని, వార్త రాశాను.

అప్పుడు నవ్వినవాళ్ళలో కొందరు ఇప్పుడు డెస్క్ ఇన్‌ఛార్జులు. వాళ్ళ కోసం, వాళ్ళ కింద కొత్తగా చేరిన మీకోసం ఇది రాస్తున్నాను.

తొంభై తొమ్మిది వేసవి మొదలు. నేను గుంటూరు ఎడిషన్‌లో ప్రొబేషన్ మీద ఉన్న సబ్ ఎడిటర్ని. యార్డుకి మిర్చి బస్తాలు, మా వాడుకలో టిక్కీలు, దిగే రోజుల్లో మా ఆఫీసులో ఫ్యాను వేస్తే తుమ్ములు, ఆపితే చెమట. మా డెస్క్ ఇన్‌ఛార్జి గారు ముక్కుకు తువ్వాలు కట్టుకుని కాపీ దిద్దేవారు. పత్తి రైతు బిడ్డ. "మాత్రం, కూడా, బహుశా, దాదాపు. ఇయ్యన్నీ వార్తలో కలుపురా. చేలో కలుపుంటే చూస్తా కూర్చుంటామా? పీకెయ్" అనేవారు. నేను ఇరవై లైన్లు రాస్తే అందులో ఏడెనిమిది మాటలు గట్టు మీద పడేవి. మిగిలింది నిజంగానే చదవడానికి బాగుండేది. ఇవాళ్టికీ నా వాక్యం కాస్త తిన్నగా నడుస్తుంటే అది ఆయన చలవే.

ఆ రోజుల్లోనే యూరప్‌లో జరుగుతున్న యుద్ధంలో ఒక స్టెల్త్ విమానాన్ని కూల్చేశారని వార్త వచ్చింది. రాడార్‌కు చిక్కకుండా ఉండటానికే తయారుచేసిన విమానం అది. ఇంగ్లీషు కాపీని తెలుగు చేసే పని నాకు పడింది. 'స్టెల్త్' అన్నదానికి ఏం రాయాలో తోచక 'అదృశ్య విమానం' అని రాశాను. హెడ్డింగ్‌లో చక్కగా ఇమిడింది. ఇన్‌ఛార్జి గారు భుజం తట్టారు.

నాలుగో రోజు పొన్నూరు నుంచి కార్డు ముక్క వచ్చింది. గుండ్రటి అక్షరాలు. 'అయ్యా, నేను ఎయిర్‌ఫోర్సులో రాడార్ ముందు పందొమ్మిదేళ్ళు కూర్చున్నవాణ్ణి. అదృశ్య విమానమనేది లేదు. ఉంటే కూలేది కాదు. రాడార్‌కు ఆలస్యంగా కనబడే విమానం అని సవరించగలరు.'

"ఇదేందిరా, హెడ్డింగ్ పెట్టమంటాడా, హరికథ చెప్పమంటాడా?" అని ఇన్‌ఛార్జి గారు కార్డు నా బల్ల మీద పడేశారు. నాకు ఆ కార్డు నచ్చింది. సెలవు రోజున పొన్నూరు వెళ్ళాను.

బస్టాండు వెనక చిన్న టీవీ రిపేరు కొట్టు. ఊళ్ళో ఆయన్ని మిలటరీ సాయిబు గారు అంటారు. "మిలటరీ కాదండీ, ఎయిర్‌ఫోర్స్" అని ఆయన ప్రతిసారీ సరిచేస్తారు. మళ్ళీ వాళ్ళు మిలటరీ అనే అంటారు. రిటైరయ్యేనాటికి సార్జెంటు. నేను సార్జెంటు గారు అన్నాను. ఆ మాటకి ఆయన చొక్కా పై బొత్తాం పెట్టుకుని మరీ కుర్చీ చూపించారు.

"రాడారంటే ఏందో తెలుసా బాబూ?"

"తెలియదండి."

"తెలియకపోయినా బానే రాశారు" అన్నారు, ఎక్కడా నవ్వకుండా. రిపేరుకొచ్చిన టీవీ ఒకటి ఆన్ చేశారు. వార్తలు చదివే ఆవిడ పక్కనే, కాస్త కుడివైపుకి, మసకగా ఇంకో ఆవిడ. "రెండో ఆవిడెక్కణ్ణించి వచ్చింది? అదుగో, ఎదురుగా రైసు మిల్లు రేకుల గోడ. టవర్ నించి బొమ్మ తిన్నగా ఒకసారి మన యాంటెన్నాకి వచ్చిద్ది. ఆ గోడకి కొట్టుకుని, కాస్త ఆలస్యంగా ఇంకోసారి వచ్చిద్ది. రాడారూ ఇంతేనండి. మనం కేకేస్తాం. గోడకి తగిలి తిరిగొచ్చిన కేకని వింటాం."

"మరి ఆ విమానం?"

"మన కేక మనవైపు రాకుండా పక్కలకి జారిపోయేట్టు చెక్కారు దాన్ని. పైన పూత పూశారు, అది కొంత మింగుద్ది. అయినా ఎంతో కొంత తిరిగొచ్చుద్ది. దూరాన కనబడాల్సింది దగ్గరికొచ్చాక కనబడుద్ది. అంతేగానీ మాయం గాదు."

కూల్చినవాళ్ళు ఇంకా చాలా కూల్చామంటున్నారనీ, అవతలివాళ్ళు ఒక్కటే పోయిందంటున్నారనీ, ఎవరిని నమ్మాలనీ అడిగాను.

"ఒకదాని రెక్క ముక్క టీవీలో చూపించారుగా. ఒకటి నమ్మండి. రెండోది చూపించినప్పుడు రెండోది నమ్ముదాం. వాళ్ళు శత్రువులా మనవాళ్ళా అన్నది దీంట్లోకి రాకూడదు."

టీ వచ్చింది. ఆయన గ్లాసు చేత్తో తిప్పుతూ చెప్పారు. "తెర మీద చుక్క లేస్తే మేం విమానం అనకూడదండీ. చుక్క అనాలి. ఇంకేమై ఉండొచ్చు అని మనల్ని మనం అడుక్కోవాలి. మబ్బేమో, పక్షులేమో. అయ్యేమీ కాదని తేలాకే విమానం అనాలి. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి తొందరపడ్డా."

"ఏమైందండి?"

"రెండు విమానాలు లేచినై, కొంగల మీదికి. పైలట్లు దిగొచ్చి, ఒక్క మాట అనకుండా నాకు టీ తాగించారు. తిట్టినట్టయితే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి."

అప్పటినుంచి రెండు మూడు వారాలకోసారి పొన్నూరు వెళ్ళడం అలవాటైంది. ఏ వార్త గురించి మాట్లాడినా ఆయన చివరికి "ఇంకేమై ఉండొచ్చండీ?" అనేవారు. నేను కూడా డెస్క్‌లో ఆ మాట అనడం మొదలుపెట్టాను, గొప్పకి.

ఇంతలో ఫిట్టరు వచ్చాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో, పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో పని. యాభై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు, జేబులో నా 'అదృశ్య విమానం' కటింగు మడత పెట్టి ఉంది. సీజను అయిపోయాక మిల్లు షెడ్డు రేకులకి తుప్పు పట్టకుండా తనే ఒక రంగు తయారుచేసి వేశాడట. పత్తి కట్టె కాల్చిన మసి, తారు, ఇంకా ఏవో. షెడ్డు వెనకే ఆయన క్వార్టరు. ఏళ్ళ తరబడి వాళ్ళ టీవీలో రెండో బొమ్మ వచ్చేది. రంగు వేసిన రోజు నుంచి రావడం లేదు.

"షెడ్డు బొమ్మని మింగేసిందండీ. మీరు రాశారే, ఆ ఇమానం లాగా. నేను పదో తరగతి తప్పినోణ్ణి. నా మాట ఎవరు నమ్ముతారు? మీరు రాస్తే నమ్ముతారు."

ఇన్‌ఛార్జి గారు ముక్కుకున్న తువ్వాలు విప్పేశారు. "ఆదివారం మినీకి లీడు ఇదేరా. నీ పేరు పెట్టి వేద్దాం. ఎవరైనా తెలిసినోడి చేత ఒక మాట అనిపించు." మినీ అంటే మా జిల్లా టాబ్లాయిడ్, లీడంటే అందులో మొదటి పెద్ద వార్త. పేరుతో లీడు, అదీ ప్రొబేషన్ ముగిసే నెలలో. తెలిసినవాడెవరో నాకు వెంటనే తట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం సార్జెంటు గారు పొన్నూరు నుంచి బస్సులో వచ్చారు, చేతిసంచీలో స్పానర్లతో. మాతో ఫొటోగ్రాఫరు. ఫిట్టరు మమ్మల్ని పెళ్ళివారిలా దింపుకున్నాడు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. షెడ్డు నల్లగా, నున్నగా, ఎండలో కొత్త గొడుగులా ఉంది. ఎక్కడా చార లేదు, బొట్టు కారలేదు. టీవీలో నిజంగానే ఒకే బొమ్మ.

ఇంతలో మేనేజరు పిలుస్తున్నాడని కబురొస్తే ఫిట్టరు మిల్లులోకి వెళ్ళాడు. ఫొటోగ్రాఫరు షెడ్డును ఫొటోలు తీస్తూ అవతలివైపు ఉన్నాడు. సార్జెంటు గారు నిచ్చెన వేసుకుని క్వార్టరు డాబా ఎక్కారు. నేను కింద కిటికీ దగ్గర నిలబడి టీవీ చూస్తున్నాను.

"బాబూ, ఈ యాంటెన్నా గొట్టం మీద ఒక పక్కే నల్ల చుక్కలు పడినై. రంగు వేసేటప్పుడు చిందినయ్యి. షెడ్డు వైపు పడాలి గదా? ఇయ్యేమో రోడ్డు వైపున్నాయి." పైన స్పానరు చప్పుడైంది. "గొట్టం తిరిగింది. రంగయ్యాక నిచ్చెన దించేటప్పుడు తగిలినట్టుంది. పాత చోటికి తిప్పుతుండా, టీవీ చూడండి."

చూశాను. వార్తల ఆవిడ పక్కన, కుడివైపు, మసకగా, రెండో ఆవిడ వచ్చి కూర్చుంది.

"వచ్చిందండీ."

"ఇప్పుడో?" గొట్టం మళ్ళీ తిప్పారు.

"పోయింది."

మూడుసార్లు తిప్పారు. మూడుసార్లూ వచ్చింది, పోయింది. కిందికి దిగి చేతులు తుడుచుకుంటూ ఆయన మెల్లగా అన్నారు. "రంగు కాదు బాబూ. యాంటెన్నా. మనిషి మాంచి సంబరంలో ఉన్నాడు. మీ అందరి ముందూ చెబితే చిన్నబోతాడు. ఆదివారం నేనొక్కణ్ణే వచ్చి, ఆయన చేత తిప్పించి, ఆయన చేతే కనిపెట్టిస్తా. మీరు వార్త ఆపండి."

నేను తలూపాను. తలూపానని ఇవాళ ఒప్పుకుంటున్నాను.

ఫిట్టరు తిరిగొచ్చాడు. బస్సుకి వేళైందని సార్జెంటు గారు లేచారు. ఫిట్టరు ఆశగా చూశాడు. "ఎట్టా ఉందండీ సాయిబు గారూ?"

ఆయన షెడ్డు గోడ మీద చెయ్యి వేసి నిమిరారు. "రంగు మాత్రం అద్భుతంగా వేశారండీ ఫిట్టరు గారూ."

తెలుగు తెలిసిన ఎవరికైనా ఆ 'మాత్రం'లో ఏముందో తెలుస్తుంది. పెళ్ళి నుంచి వచ్చినవాణ్ణి భోజనాలెలా ఉన్నాయని అడిగితే 'పందిరి మాత్రం బాగుంది' అన్నట్టు. ఫిట్టరుకి ఆ సంబరంలో తెలియలేదు. నాకు తెలిసింది.

మినీ పేజీలు శనివారం సాయంత్రం ఆరింటికల్లా వెళ్ళిపోవాలి. నాలుగింటికి ఇన్‌ఛార్జి గారు వచ్చి, "ఏరా, మీ రాడారాయన ఏమన్నాడు?" అన్నారు. వార్త లేదు సార్, అది యాంటెన్నా తిరగడం వల్ల అని ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. పేజీకి ఇంకో లీడు వెతుక్కునేవారు. ఒక పూట విసుక్కునేవారు. నేను కాపీ తీసి చూపించాను. 'రంగు అద్భుతం: రాడార్ నిపుణుడు.' బడ్డీ కొట్టు దగ్గర, కథలో ఈ చోట నేను చెబుతూ వచ్చింది ఏమిటంటే, ఇన్‌ఛార్జి గారి కలుపు సూత్రం ప్రకారం 'మాత్రం' ఎర్ర పెన్నుకి బలైపోయిందని. అది అబద్ధం. ఆయన పెన్ను తీసేసరికే అక్కడ ఆ మాట లేదు. రాసేటప్పుడే నేను పీకేశాను. ఆయన ఎన్నో మాటలు పీకారు గానీ అర్థం తెలిసి ఒక్కటీ పీకలేదు.

ఆదివారం పొద్దున్నే సార్జెంటు గారు మిల్లుకి వెళ్ళారు. ఆయన యాంటెన్నా మాట ఎత్తగానే ఫిట్టరు పేపరు ముందు పెట్టాడట. "పేపర్లో అద్భుతం, నా దగ్గర యాంటెన్నానా? పేరొచ్చిందని కుళ్ళుకుంటన్నారా ఏంది సాయిబు గారూ?" డాబా ఎక్కి తిప్పి చూపిస్తానంటే, "నా ఇంటి యాంటెన్నా మీద చెయ్యేసేదేంది?" అన్నాడట.

అక్కణ్ణుంచి తిన్నగా ఆయన మా ఆఫీసుకి వచ్చారు. చొక్కా చెమటకి తడిసిపోయింది, పై బొత్తాం మాత్రం పెట్టే ఉంది. ఇన్‌ఛార్జి గారి బల్ల ముందు నిలబడ్డారు.

"అయ్యా, నేను 'రంగు మాత్రం' అన్నాను. మీరు 'మాత్రం' తీసేశారు. రేపటి పేపర్లో ఆ ఒక్క మాట వేయండి. చాలు."

"ఒక్క మాటకి సవరణేందండీ? జనం నవ్వుతారు."

"ఆయన బుధవారం రేకు తీసుకుని హైదరాబాదు పోతానంటున్నాడండీ, డిఫెన్సు వాళ్ళకి చూపించడానికి. నేను చెబితే నమ్మడం లేదు. మీరు అచ్చేస్తే నమ్ముతాడు. అక్కడ గేటు దగ్గర నవ్వులపాలవుతాడు. పెద్దాయన."

ఇన్‌ఛార్జి గారు తువ్వాలు దించుకుని నా వైపు తిరిగారు. ఆయన మొండి మనిషే గానీ తప్పుడు మనిషి కాదు. "ఏరా, ఈయన ఇంకేమైనా అన్నాడా అక్కడ?"

డెస్క్‌లో తలలన్నీ ఇటు తిరిగాయి.

"అద్భుతం అన్నారు కదండీ" అన్నాను, సార్జెంటు గారి చొక్కా బొత్తాం వైపు చూస్తూ. "ఇంకేం అనలేదు సార్."

ఆయన ఎదురు చెబుతారనుకున్నాను. డాబా, గొట్టం, నేను కిటికీ దగ్గర వేసిన కేకలు, అన్నీ చెబుతారని. నా ముఖం ఒకసారి చూశారు. తెర మీద లేచిన చుక్క ఏమిటో తేలినట్టు చూశారు.

"అన్నానండి. అద్భుతం అన్నాను" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

బుధవారం ఫిట్టరు గోనెపట్టాలో రేకు చుట్టుకుని హైదరాబాదు వెళ్ళాడు. రెండు రోజులు ఒక గేటు ముందు కూర్చున్నాడు. ఎవరో కుర్ర ఆఫీసరు దయ తలచి పది నిమిషాలు విన్నాడట. విని, "మీ ఇంటి యాంటెన్నా ఏమైనా కదిలిందేమో చూసుకున్నారా?" అని అడిగాడట. తిరిగొచ్చాక మిల్లులో ఆయనకి పేరు పడింది. "ఏరా అదృశ్యం, ఇయ్యాల కనబడుతుండావే?" అని పత్తి బేళ్ళు మోసేవాళ్ళు పలకరించేవారు. ఆ పేరు కూడా నా అనువాదమే. సార్జెంటు గారికి, ఆ కొంగల రోజు పక్కనే ఉన్న పాత సహోద్యోగి ఒకాయన నుంచి ఉత్తరం వచ్చిందని తర్వాత తెలిసింది. 'మళ్ళీ కొంగలేనా?' అని ఒక్క లైను. ఆ మాట ఇంకెవరైనా అనుంటే ఆయన నవ్వేవారు.

నా ఉద్యోగం ఖాయమైంది. పొన్నూరు వెళ్ళడం మానేశాను.

తొమ్మిదేళ్ళు గడిచాయి. నన్ను ఒంగోలుకు మార్చారు, మళ్ళీ గుంటూరు వేశారు. కొత్త బ్యాచ్‌కి ఒకరోజు అదే కథ చెబుతున్నాను. అందరూ నవ్వారు. ఒకమ్మాయి నవ్వలేదు. "మరి ఆ రాడారాయన నిజంగా నమ్మాడా సార్? పందొమ్మిదేళ్ళు చూసినాయన అంత తేలిగ్గా ఎలా నమ్ముతాడు? ఇంకేమైనా అయ్యుండొచ్చు కదా?" అంది. టీ గ్లాసు అక్కడే పెట్టేశాను. ఆ కథ చెప్పడం అదే ఆఖరు.

ఆ తర్వాతి సెలవుకి పొన్నూరు వెళ్ళాను. కొట్టులో ఇప్పుడు సెల్ రీచార్జి బోర్డు. ఊళ్ళో డాబాల మీద యాంటెన్నాలు లేవు, రెండో బొమ్మలూ లేవు. సార్జెంటు గారు కళ్ళజోడు పైకెత్తి చూసి, బొత్తాం పెట్టుకుని, కుర్చీ చూపించారు. ఒక్క మాట అనలేదు. టీ తెప్పించారు.

ఆ టీ ఎలా తాగానో నాకే తెలియదు. తాగాక చెప్పాను. అంతా విన్నారు.

"నాకెందుకండీ చెప్పడం? నాకు తెలిసిందేగా. తెలియంది ఆయనకి" అని కొట్టు షట్టరు దించేశారు. "పదండి, పదకొండింటి బస్సుంది."

ఫిట్టరు రిటైరయ్యాడు గానీ ఆ క్వార్టరులోనే ఉంటున్నాడు, మిల్లుకి కాపలాగా. సార్జెంటు గారిని చూసి లేచి నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"చూశారా, ఒక్క చోటన్నా తుప్పు పట్టలా."

సార్జెంటు గారు వెళ్ళి గోడ మీద చెయ్యి వేసి నిమిరారు. "అదేగా నేనప్పుడన్నది. రంగు మాత్రం అద్భుతమని."

ఫిట్టరు నా వైపు తిరిగాడు. గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. "నువ్వు పేపరు అబ్బాయివి గదా?"

"అవును బాబాయ్. ఆ రోజు ఈయన 'మాత్రం' అన్నారు. నేను తీసేశాను. నువ్వు మిల్లులోకి వెళ్ళినప్పుడు ఈయన డాబా ఎక్కి గొట్టం తిప్పారు. రెండో బొమ్మ రావడం, పోవడం నేను చూశాను. వార్త ఆపమన్నారు. నాకు అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. పేజీ మాత్రం ఆరింటికి..."

"ఇక్కడెందుకండీ 'మాత్రం'?" అన్నారు సార్జెంటు గారు, గోడ మీద చెయ్యి తీయకుండానే. "అక్కడ పీకేసింది తెచ్చి ఇక్కడ నాటుతారా?"

ఫిట్టరు వాళ్ళావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ చేతిలో మజ్జిగ గ్లాసులున్నాయి. ఎవరికీ ఇవ్వలేదు.

మళ్ళీ మొదలుపెట్టాను.

"నాకు తెలిసి అబద్ధం రాశాను బాబాయ్. ఈయన నిజం చెప్పారు, నీకూ చెప్పారు, మా ఆఫీసుకొచ్చి కూడా చెప్పారు. అబద్ధం ఆడింది నేను. నా వల్ల నువ్వు ఆ గేటు ముందు కూర్చున్నావు. నన్ను క్షమించు. సార్జెంటు గారూ, మీరూ నన్ను క్షమించండి."